సింహం పస్తున్న మంగళవారం

డిటెక్టివ్ సార్జంట్ మోయిరా వెల్లా సింహం గదిలో మోకాళ్ళ మీద కూర్చుని గోడ వాసన చూస్తోంది.

గుమ్మంలో నిలబడిన డేమియన్ క్రోక్ ఆ దృశ్యాన్ని కాసేపు ఆనందించాడు. పని భద్రతా శాఖ దర్యాప్తు అధికారి అతను. పోలీసులు చెప్పులు తొడుక్కునేలోపే ఈ కేసు తను తేల్చేశానని అతని నమ్మకం. అందుకు సాక్ష్యంగా చంకలో నీలం ఫైలు ఒకటి, చంటిపిల్లని ఎత్తుకున్నంత జాగ్రత్తగా పట్టుకు తిరుగుతున్నాడు.

"ఏమైనా చెప్పిందా గోడ?" అన్నాడు.

"చెప్తోంది. మీరు మాట్లాడకపోతే వినిపిస్తుంది."

టైము పన్నెండూ పది. మూడు గంటలకి ఆ నీలం ఫైలు ప్రాసిక్యూటర్ బల్ల మీదికి చేరుతుంది. చేరితే సాయంత్రానికి నోలీన్ ట్యాప్సెల్ అనే అరవయ్యొక్కేళ్ళ కీపర్ మీద కేసు పడుతుంది: నిర్లక్ష్యంతో మనిషి చావుకి కారణమైనందుకు. వల్లమూర్ జంతుశాలలో ముప్పైయొక్క ఏళ్ళు పనిచేసిన మనిషి. పదవీ విరమణకి నాలుగు నెలలుంది. ఆ నాలుగు నెలల తర్వాత ఆవిడ ఇంట్లో ఉంటుందా, జైల్లో ఉంటుందా అన్నది ఇంకో రెండు గంటల యాభై నిమిషాల్లో తేలాలి.

జరిగింది తొమ్మిది రోజుల కిందట, మంగళవారం ఉదయం. జెమైమా అనే పంతొమ్మిదేళ్ళ ఆడసింహాన్ని ఏడూ పదికి ఈ గదిలో పెట్టి జారుడు తలుపుకి తాళం వేశానని నోలీన్ చెబుతోంది. ఏడూ ముప్పైరెండుకి క్యాంటీన్ ఆవిడకి చక్రాల బండి కీచుమన్న చప్పుడు వినిపించింది. సింహం ఆరుబయట తిరిగే ఆవరణలోకి ఎవరో బండి తోసుకెళ్తున్నారు. ఏడూ నలభైకి హెడ్ కీపర్ కెల్విన్ రడ్జ్ రేడియో ఒకసారి మోగి ఆగిపోయింది. నోలీన్ పరుగెత్తుకొచ్చేసరికి జారుడు తలుపు ఎత్తి ఉంది, కెల్విన్ ఆవరణలో పడి ఉన్నాడు, సింహం అతని పక్కన నిలబడి ఉంది. ఏడూ యాభైరెండుకి తుపాకీ బృందం సింహాన్ని కాల్చేసింది. తాళం విప్పి కొక్కేనికి తగిలించి ఉంది. ఆ తాళానికి చెవులు ముగ్గురి దగ్గర: నోలీన్, చనిపోయిన కెల్విన్, జంతుశాల పశువైద్యుడు డాక్టర్ హ్యూ లాన్యన్. డాక్టర్ కారు మెయిన్ గేటు దాటింది ఎనిమిదీ ఐదుకి. గేటు కెమెరాలో ఉంది.

క్రోక్ లెక్క తేలిక. కెల్విన్ తన మీదికి తనే సింహాన్ని వదులుకోడు. డాక్టర్ అప్పటికి రాలేదు. మిగిలింది నోలీన్. వయసు మీద పడింది, తాళం మరిచిపోయింది, అంతే.

మోయిరా లేచి మోకాళ్ళు దులుపుకుంది. గదికి ఆకుపచ్చ రంగు వేసి ఏడాది కూడా కాలేదు. కానీ వెనక గోడ మీద, నేల నుంచి తొడ ఎత్తున, పళ్ళెం అంత మేర రంగు పోయి, జిడ్డుగా నల్లబడి ఉంది. ఆ జిడ్డులో పొట్టి పొట్టి వెంట్రుకలు అతుక్కున్నాయి. అక్కణ్ణించి నేల మీద రంగు ఒక వలయంలా అరిగిపోయింది. ఆ వలయం గదికి ఎడమ సగంలోనే ఉంది. కుడి సగంలో రంగు నిన్న వేసినట్టు మెరుస్తోంది.

ఆమె ఆ వలయం మీద నడిచి చూపించింది. ఎడమకి, ఎడమకి, మళ్ళీ ఎడమకి, చివరికి గోడకి తల ఆనించి నిలబడింది.

"నెలల తరబడి ఇలాగే తిరిగింది క్రోక్ గారూ. తిరిగి తిరిగి తల గోడకి నొక్కి నిలబడేది. నోలీన్ డైరీలో ఇదే ఉంది. తల్లో ఏదో పెరుగుతోంది, స్కాన్ తీయించండి అని నాలుగు నెలలుగా రాస్తోంది. డాక్టర్ గారి శవపరీక్ష రిపోర్టేమో మెదడు నిక్షేపంగా ఉంది అంటోంది. ఈ రెండింట్లో ఒకటి అబద్ధం."

"పాపం సింహానికి తలనొప్పి. ఒప్పుకున్నాను," అన్నాడు క్రోక్. "కణితి ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి? కణితి తాళం తియ్యదు సార్జంట్ గారూ. తాళం మనిషి తియ్యాలి. లేదా వెయ్యడం మరిచిపోవాలి."

ఆ మాట నిజమే. అది క్రోక్ చెప్పడమే ఆమెకి ఎక్కువ బాధగా ఉంది.

ఆమె గది వెనక నడవలోకి వెళ్ళి జారుడు తలుపు పిడి పట్టుకుంది. తీగతాడు లాగితే అవతల తలుపు లేస్తుంది. పిడి దగ్గర నిలబడితే కనిపించేది సిమెంటు గోడ ఒక్కటే. ఆవరణ కనబడేలా ఒకప్పుడు అద్దం ఉండేదట. ఈస్టర్ పండక్కి పగిలింది. కొత్తది తెప్పిస్తున్నారు. జంతుశాలలో తెప్పిస్తున్నారు అంటే ఎవరూ దాని ఊసెత్తడం లేదని అర్థమని ఈ తొమ్మిది రోజుల్లో మోయిరాకి బోధపడింది.

కళ్ళకి ఏమీ ఆనడంలేదు. చెవికి మాత్రం అన్నీ వస్తున్నాయి. ఆవరణ అంచున ఎవరో చీపురుతో ఊడుస్తున్నారు, బూట్ల కింద కంకర నలుగుతోంది.

ఫోను మోగింది. ఎల్స్‌పెత్ గన్, జంతువుల శవపరీక్షల్లో ముప్పై ఏళ్ళు గడిపి రిటైరైన డాక్టరమ్మ. నిన్న రాత్రి మోయిరా ఆవిడకి లాన్యన్ రిపోర్టు ఫోటో తీసి పంపింది.

ఎల్స్‌పెత్ పలకరింపుల జోలికి పోలేదు. సింహం చచ్చింది మంగళవారం, రిపోర్టు మీద తేదీ శనివారం, అవునా అని అడిగింది. మెదడంటే పచ్చిగా ఉన్నప్పుడు జున్ను కన్నా మెత్తగా ఉంటుందట. కుళ్ళకుండా నిలవ ఉంచే ఫార్మలిన్‌లో పది పన్నెండు రోజులైనా నానితే కానీ గట్టిపడదట. మొత్తం మెదడు గట్టిపడ్డాక ముక్కలు కోసి పరీక్షించాను అని రాసి కింద సంతకం పెట్టాడు డాక్టర్.

"సోమవారం వెనిగర్‌లో వేసిన ఉల్లిపాయల్ని శుక్రవారం తిని, ఆహా ఎంత బాగా ఊరాయి అన్నట్టుంది," అంది ఎల్స్‌పెత్. "వాడు కోసింది ఏ మెదడో నాకు తెలీదు. జెమైమాది మాత్రం కాదు."

మోయిరా ఈ సంగతి క్రోక్‌కి చెప్పింది. అతను ఫైలు ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకున్నాడు. డాక్టర్ తొందరపడి పరీక్ష సరిగ్గా చెయ్యలేదేమో, అది వాళ్ళ వృత్తి సంఘం చూసుకుంటుంది, తాళం సంగతి తాళందే అన్నాడు. మూడు గంటలంటే మూడు గంటలే అని కూడా అన్నాడు.

* * *

పన్నెండూ యాభైకి మోయిరా జంతువుల ఆస్పత్రిలో ఉంది.

డాక్టర్ హ్యూ లాన్యన్‌కి నలభై ఏడేళ్ళు. మృదువైన మనిషి. ఇంట్లో దోమని కూడా కిటికీ తీసి సాగనంపే రకం అనిపిస్తుంది. ఆమెకి అడక్కుండానే టీ ఇచ్చాడు, పంచదార ఎంతో గుర్తుపెట్టుకుని మరీ. అలాంటి మగవాళ్ళని మోయిరా ఎప్పుడూ రెండోసారి చూస్తుంది.

మధ్యాహ్నం పని ఉంది, త్వరగా కానిద్దామా అన్నాడు. మేబెల్ అనే ముసలి ఆడ జాగ్వార్‌ని ఇవాళ నిద్రపుచ్చేస్తున్నారు. చివరి నిద్ర. ఇరవై ఏళ్ళు, మూత్రపిండాలు పాడైపోయాయి. అడవిలో అయితే పదేళ్ళకే పోయేదట. జంతుశాలలో బతుకు పొడుగవుతుంది, పొడుగైన బతుకుతో పాటు అడవిలో ఏ జంతువూ కని విని ఎరగని జబ్బులన్నీ వస్తాయి, మనకి మల్లేనే అన్నాడు. ఆ మాటలు ఇదివరకు చాలామందికి చెప్పినట్టు నున్నగా వచ్చాయి.

మోయిరా గోడ మీది జిడ్డు సంగతి అడిగింది. ముసలి సింహాలు గోడకి రాసుకుంటాయి అన్నాడు. ఎడమకే తిరగడం గురించి అడిగింది. కుడి తుంటిలో కీళ్ళవాతం అన్నాడు. మూడేళ్ళలో ఇది మూడో జంతువు కదా, ముందు ఎలుగు, తర్వాత చిరుత, అవి కూడా ఇలాగే గిరగిరా తిరిగి, ఫిట్స్ వచ్చి పోయాయి కదా అని అడిగింది. నోలీన్‌కి జంతువులంటే ప్రాణం, ప్రాణమున్న చోట అనుమానాలు ఎక్కువ అన్నాడు. అలమారలోని సీసా చూపించాడు. దాని మీద జెమైమా పేరుంది, లోపల బూడిదరంగు ముద్ద ఉంది.

ఫార్మలిన్ సంగతి మోయిరా ఎత్తలేదు. వంట తెలియని దానిలా కళ్ళు పెద్దవి చేసుకుని, ఇంతేనా మెదడంటే అంది. అతను చిన్నగా నవ్వాడు.

"ఇంకో మాట చెప్తాను సార్జంట్. కణితి ముదిరిన జంతువు ముందు తిండి మానేస్తుంది. జెమైమా ఆ మంగళవారం పొద్దున కూడా రెండు కిలోల కంగారూ మాంసం తింది. నేనే కడుపు తెరిచి చూశాను. రిపోర్టు రెండో పేజీలో ఉంది. అంత ఆకలున్న జంతువు తల్లో ఏముంటుంది చెప్పండి?"

వినడానికి ఇంపుగానే ఉంది. మరి ఎనిమిదీ ఐదుకి ముందు ఆయన ఎక్కడున్నారని అడిగింది. అంతకుముందు శనివారం నుంచి సెలవులో ఉన్నాడట, సముద్రం ఒడ్డున బావగారి ఇంట్లో. మంగళవారం తెల్లవారుజామున బయల్దేరి నేరుగా పనికి వచ్చాడట. ఆస్పత్రి వెనక గడ్డి లారీలు వచ్చే గేటు ఒకటి ఉంది కదా, దానికి కెమెరా లేదు కదా అంది మోయిరా. ఉంది, లేదు అని రెండు ప్రశ్నలకీ ఓపిగ్గా జవాబు చెప్పి, ఆమె కప్పు తీసుకెళ్ళి తనే కడిగాడు.

* * *

కీపర్ల టీ గదిలో నోలీన్ కేకు కోస్తోంది. చాక్లెట్‌లో ముంచి కొబ్బరిపొడి అద్దిన చదరపు ముక్కలు. పాత జంతువు ఏదైనా పోతే ఆ సాయంత్రం అందరూ చేరి కేకు తిని, దాని కబుర్లు చెప్పుకోవడం ఇక్కడి ఆనవాయితీ. తనని రేపో మాపో జైల్లో పెడతారని తెలిసిన మనిషి పొద్దున్నే లేచి ఇరవై నాలుగు ముక్కలు చేసుకొచ్చింది.

నిజానికి ఆవిడ సస్పెన్షన్‌లో ఉంది. ఇవాళ ఒక్క పూటకి లోపలికి రానిచ్చారు, ఎందుకంటే పెంచిన కీపర్ తల దగ్గర ఉంటే తప్ప మేబెల్ సూది వేయించుకోదు. డాక్టర్ హ్యూయే పైవాళ్ళని అడిగి అనుమతి తెప్పించాడు, మంచివాడు అంది నోలీన్.

మోయిరా ఆ మాటని మనసులో ఒక మూల పెట్టుకుంది. టైము ఒకటీ ఇరవై.

"డైరీలో ఎలుగు, చిరుత, జెమైమా. మూడూ ఆడవే ఎందుకయ్యాయి?"

నోలీన్ చాకు తుడిచింది. "మగవాటికి ఆ మందు గింజ పెట్టరుగా అమ్మాయ్. పిల్లలు పుట్టకుండా చర్మం కింద పెడతారు, బియ్యపు గింజంత ఉంటుంది. పాతవి కంపెనీ నుంచి డబ్బాలో వచ్చేవి. ఐదారేళ్ళుగా హ్యూయే ఎవరో స్నేహితుడి దగ్గర నుంచి తెస్తున్నాడు. సీసా మీద పేరుండదు, నంబరే ఉంటుంది. పరీక్షలో ఉన్న మందు, అది పాసైతే ప్రపంచమంతా వాడతారట. నేనూ ఒకసారి అడిగాను, ఈ గింజ పెట్టినవే ఇలా అవుతున్నాయేంటని. కాకతాళీయం అన్నాడు."

"ఎప్పుడడిగారు?"

"స్కాన్‌కి రాసినప్పుడు. యూనివర్సిటీ వాళ్ళకి నేనే ఫోన్ చేసి జెమైమాకి గురువారం టైము తీసుకున్నాను. దాని బతుకు మంగళవారంతో సరిపోయింది."

అంటే ఇంకో రెండు రోజులు గడిచి ఉంటే ఆ తల్లో ఏముందో బయటివాళ్ళు చూసేవారు, డాక్టర్ గింజల గుట్టు బయటపడేది. మోయిరా పెన్ను పక్కన పెట్టింది. కారణం దొరికింది. మనిషి దొరికాడు. కానీ క్రోక్ అన్నట్టు తాళం ఇంకా కొక్కేనికే వేలాడుతోంది. ఎనిమిదీ ఐదుకి గేటు దాటిన వాణ్ణి ఏడూ నలభైకి ఆ నడవలో ఎవరు చూశారు?

మాటకి మాటగా, డాక్టర్ గారు మాత్రం జెమైమా ఆఖరి పూట బాగానే తిందంటున్నారు, మంగళవారం పొద్దున రెండు కిలోలు అంది మోయిరా.

నోలీన్ చాకు పక్కన పెట్టింది. కళ్ళజోడు పెట్టుకుని రిపోర్టు రెండో పేజీ తీసుకుని, ఆ వాక్యం కింద వేలు పెట్టి చదివింది. మళ్ళీ చదివింది.

"ఆ మంగళవారం దానికి పస్తు కదా," అంది.

"పస్తా?"

"పెద్ద పిల్లి జాతికి వారానికోరోజు పస్తు పెడతాం అమ్మాయ్. అడవిలో రోజూ దొరకదుగా. మామూలుగా సోమవారం పస్తు. మంగళవారం పొద్దున నేను బండినిండా మాంసం తీసుకెళ్ళి ఆవరణలో పెడతాను, బయటికొచ్చాక తలుపు తీస్తాం. పదిహేనేళ్ళుగా అంతే. కానీ ఆ సోమవారం రాజుగారి పుట్టినరోజు సెలవు. సెలవు రోజు జనం సింహం తినడం చూడ్డానికే వస్తారు. అందుకని ఆ వారం పస్తు మంగళవారానికి జరిపాం. మేత గది బోర్డు మీద శనివారం మధ్యాహ్నమే రాశాం." ఆవిడ కాగితం తిరిగి ఇచ్చేసింది. "హ్యూ అప్పటికి సెలవు మీద వెళ్ళిపోయాడు. పొరబడ్డాడు పాపం. కనబడితే అడుగుతాలే."

అప్పుడే ఆవిడ నడుముకున్న రేడియో గరగరలాడింది. లాన్యన్ గొంతు. మేబెల్ లేచింది నోలీన్, నువ్వొస్తే మొదలుపెడదాం. ఆవిడ చేతులు కడుక్కుని, కేకు మీద శుభ్రమైన బట్ట కప్పి, ఈగలు వాలకుండా చూడమని మోయిరాకి అప్పగించి వెళ్ళింది. టైము ఒకటీ నలభై.

మోయిరా వెళ్ళనిచ్చింది. ఆ క్షణంలో ఆమె ధ్యాసంతా మేత గది బోర్డు మీదే ఉంది. తర్వాత చాలాకాలం తనని తాను క్షమించుకోలేకపోయింది అందుకే.

* * *

మేత గదిలో బోర్డు ఇంకా తుడవలేదు. నోలీన్ చేతిరాత: సోమ, సెలవు, సింహాలకి మేత ప్రదర్శన పదకొండింటికి. మంగళ, అందరికీ పస్తు. దాని కింద కెల్విన్ రడ్జ్ రాత, పెద్ద పెద్ద అక్షరాల్లో: మేత లేదు కాబట్టి పొద్దున నేను ఆవరణలోకి వెళ్ళి జనం విసిరిన చెత్త ఏరతాను. మాంసం తూచి ఇచ్చే పుస్తకంలో కూడా మంగళవారం గీత కొట్టి ఉంది.

క్రోక్ ఆమె వెనకే వచ్చాడు, ఫైలుతో సహా. టైము ఒకటీ యాభై. ఇంకెంతసేపు తిప్పుతారు సార్జంట్ గారూ, ఇప్పుడు మాంసం కూడా వాసన చూస్తారా అని అడిగాడు.

మోయిరా గింజల సంగతీ, స్కాన్ సంగతీ చెప్పి, రిపోర్టు రెండో పేజీ తీసి అతని ఫైలు మీద పెట్టింది. "చదవండి. మంగళవారం పొద్దున తిన్న మాంసం కడుపులో ఉందట. ఇప్పుడు ఈ బోర్డు చదవండి. ఆ రోజు ఇక్కణ్ణించి ఒక్క ఎముక కూడా బయటికి పోలేదు. డాక్టర్ గారు కడుపు తెరవకుండా రాసి ఉండాలి, లేదా ఆయనే పెట్టి ఉండాలి. ఏది కావాలో మీరే ఎంచుకోండి, నాకు రెండూ ఇష్టమే."

క్రోక్ చదివాడు. మూర్ఖుడు కాదు అతను, మొండివాడు, అంతే. "తెరవలేదు," అన్నాడు నెమ్మదిగా. "ప్రతి మంగళవారం తింటుంది కాబట్టి తినే ఉంటుందనుకుని రాసేశాడు. సరే, అబద్ధాలకోరు. మెదడు మార్చాడు, కడుపు కల్పించాడు. కానీ కెల్విన్‌ని ఎందుకు చంపుతాడు? కెల్విన్‌కి ఈ గింజల గొడవ తెలీదు. డైరీ రాసింది కెల్విన్ కాదు. స్కాన్‌కి టైము తీసుకుంది కెల్విన్ కాదు."

"కాదు," అంది మోయిరా.

అన్నాక బోర్డు మీద కెల్విన్ రాత మళ్ళీ చదివింది.

ఆ నడవలో పిడి పట్టుకుని నిలబడ్డ మనిషికి ఆవరణ కనబడదు. చెవులే దిక్కు. డాక్టర్ సముద్రం ఒడ్డు నుంచి వచ్చి, వెనక గేటులోంచి దూరి, తాళం తీసి, తాడు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. అతనికి తెలిసిన మంగళవారం వేరు. అతనికి తెలిసిన మంగళవారంలో ఏడున్నరకి బండి తోసుకుంటూ వచ్చేది ఒక్కరే. బండి కీచుమంది. తాడు లాగాడు. వచ్చిన దారినే బయటపడి, ఎనిమిదీ ఐదుకి మెయిన్ గేటు కెమెరాకి కనిపించాడు.

"చెత్త బండి," అన్నాడు క్రోక్. మొహంలో రంగు మారింది. "కెల్విన్ తోసింది చెత్త బండి. వాడు మాంసం బండి అనుకున్నాడు."

"తోసేది నోలీన్ అనుకున్నాడు. కెల్విన్ చావు పొరపాటు. మీరు మూడు గంటలకి జైలుకి పంపుదామనుకుంటున్నది ఆ రోజు చావాల్సిన మనిషిని."

క్రోక్ గోడకున్న గడియారం చూశాడు, ఫైలు చూశాడు. నోలీన్ జైలుకి పోతే ఆవిడ మాట ఎవరూ నమ్మరు, డైరీ చెత్తబుట్టలోకి పోతుంది, డాక్టర్‌కి అదే చాలు కదా అన్నాడు. చంపడం తప్పింది కాబట్టి కేసు పెట్టించి నోరు మూయిస్తున్నాడు. ఆ పని తన చేతే చేయిస్తున్నాడని అర్థమైనప్పుడు అతని దవడ బిగుసుకుంది.

"నోలీన్ ఇప్పుడెక్కడుంది?" అన్నాడు.

మోయిరా అప్పటికే తలుపు వైపు కదిలింది. కనబడితే అడుగుతాలే అంది ఆవిడ. ఆవిడ అడగడం మొదలుపెడితే మొహమాటం తెలియని మనిషి. కడుపులో మాంసం ఎలా వచ్చింది హ్యూ, ఆ రోజు పస్తు కదా అని, మేబెల్ తల నిమురుతూ, మామూలుగా అడిగేస్తుంది. అడిగిన నిమిషం నుంచి ఆవిడ జైలుకి పోవడం అతనికి సరిపోదు.

ఆస్పత్రి కొండ అవతల ఉంది. కీపర్ల బ్యాటరీ బండిలో ఆరు నిమిషాలు. మోయిరా పరుగెత్తుతూనే నోలీన్‌కి ఫోన్ చేసింది. ఏడోసారి మోగాక ఎత్తారు.

"నోలీన్ చేతులు ఖాళీ లేవు సార్జంట్," అంది లాన్యన్ గొంతు. అదే మృదువైన గొంతు, కానీ ఊపిరి కొంచెం ఎక్కువగా వినిపిస్తోంది. "మేబెల్ తల పట్టుకుని ఉంది. స్పీకర్‌లో పెట్టాను, చెప్పండి. ఇప్పుడే ఏదో పస్తు సంగతి అడుగుతోంది నన్ను. ఆ ప్రశ్న మీరు నేర్పిందేనా?"

అడిగేసింది. మోయిరా బండిలో కూర్చుంది, క్రోక్ తాళం తిప్పాడు. ఆమె ఫోను మైకు మీద బొటనవేలు అదిమి అతనితో రెండు ముక్కలు చెప్పింది. అతను ఒక చేత్తో బండి నడుపుతూ రెండో చేత్తో ఫోను అందుకున్నాడు.

"డాక్టర్ గారూ, క్రోక్‌ని," అన్నాడు. జీవితంలో ఎప్పుడూ అబద్ధమాడని ఆఫీసు గొంతు అది. "ఫైలు ఇచ్చేశాం. మూడింటిదాకా ఆగలేదు. నోలీన్ ట్యాప్సెల్ మీద కేసు ఖాయం. ఆవిణ్ణి తీసుకెళ్ళడానికి వస్తున్నాం, అక్కణ్ణించి కదలనివ్వకండి. మొత్తానికి సార్జంట్ గారికి కూడా తత్వం బోధపడింది."

అటునుంచి పంపులోంచి నీళ్ళు కారుతున్న చప్పుడు.

"సార్జంట్ నోటితో వినాలని ఉంది," అన్నాడు లాన్యన్.

క్రోక్ ఫోను వెనక్కి ఇచ్చాడు. తొమ్మిది రోజులుగా నోలీన్‌ని నమ్మిన మనిషి ఈ ఊళ్ళో మోయిరా ఒక్కతే. ఆ సంగతి నోలీన్‌కీ తెలుసు.

"నాదే పొరపాటు డాక్టర్ గారూ," అంది మోయిరా. "పస్తు సంగతి నేనే ఆవిడ బుర్రలో పెట్టాను. ఏదో ఒకటి అడ్డుపెట్టి ఆవిణ్ణి బయటపడెయ్యాలని చూశాను. కుదరదు. తాళం ఆవిడే మరిచిపోయింది. ముసలితనం. ఆవిడ చెప్పేవన్నీ అలాంటివే, డైరీతో సహా. ఇంక నాకు ఓపిక లేదు."

స్టీలు పళ్ళెంలో ఏదో పెట్టిన చప్పుడు వినిపించింది. లాన్యన్ ఊపిరి వదిలాడు. సరే, రండి, మేం ఇక్కడే ఉంటాం అన్నాడు. బండి కొండ ఎక్కుతోంది. ఇంకా నాలుగు నిమిషాలు.

అప్పుడు నోలీన్ మాట్లాడింది. కోపం లేదు, ఏడుపు లేదు. టీ గదిలో కేకు కోస్తూ మాట్లాడినట్టే ఉంది గొంతు.

"పర్వాలేదు అమ్మాయ్, నీ ఉద్యోగం నీది. వస్తాను. మేబెల్ ఐదు నిమిషాల కిందటే పోయింది. అస్సలు బాధపడలేదు, ఒక్క సూదితోనే పోయింది. హ్యూ రెండు సూదులు నింపాడు. రెండోది ఎందుకు నింపాడో ఏంటో, పళ్ళెంలో పెట్టాడు, మళ్ళీ తీశాడు..."

ఫోను ఆగిపోయింది.